అటల్ టన్నెల్ వచ్చాక కూడా మనాలి-లేహ్ రోడ్డు చలికాలంలో ఎందుకు మూసేస్తున్నారు?

గతుకుల_గోపి
నాకు ఈ విషయం అస్సలు మింగుడు పడటం లేదు. 2020 అక్టోబర్‌లో మనాలి దగ్గర అటల్ టన్నెల్ ప్రారంభించినప్పుడు టీవీల్లో, వాట్సాప్‌లో ఒకటే ఊదర. ఇక ఏడాది పొడవునా లేహ్‌కి రోడ్డే అన్నారు. డిసెంబర్ చివర్లో కారులో వెళ్దామని సెలవు పెట్టుకున్నాను. ఇప్పుడు కనుక్కుంటే టన్నెల్ అవతల దార్చా అనే ఊరు దాటి పోనివ్వరట, మంచు తీసేదాకా బంద్ అట. మనాలిలో ఒక ట్రావెల్స్ అతనికి ఫోన్ చేస్తే ముందు నవ్వి, తర్వాత జవాబు చెప్పాడు. 3,200 కోట్లు ఖర్చు, పదేళ్ల పని. తగ్గిన దూరం చూస్తే 46 కిలోమీటర్లు. కొండను తవ్వి ఎలుకను పట్టడం అంటే ఇదే కదా? తెలిసినవాళ్లు చెప్పండి.

సివిల్_సీను
సొరంగం ఉన్నది ఒక్క రోహ్‌తంగ్ కనుమ దగ్గరే. రోహ్‌తంగ్ ఎత్తు 3,978 మీటర్లు. ఆ దారి మొత్తంలో అదే పొట్టి కనుమ. దాని తర్వాత వరసగా ('లా' అంటే అక్కడి భాషలో కనుమ) బారాలాచా లా దాదాపు 4,890, నకీ లా 4,700 పైన, లాచులుంగ్ లా 5,000 పైన, చివర్లో తంగ్‌లాంగ్ లా 5,300 పైన. ఈ నాలుగింటి కిందా సొరంగం లేదు. రోడ్డు నేరుగా నెత్తి మీదుగానే పోతుంది. డిసెంబర్‌లో అక్కడ కారుకేం పని?

బుల్లెట్_బుజ్జి
దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వలేదన్నమాట. ఇక్కడ పూజారులు నలుగురు.

గతుకుల_గోపి
సీను గారూ, అయితే నా ప్రశ్న ఇంకా గట్టిపడింది. పొట్టిదాన్ని పట్టుకుని ఎందుకు తవ్వారు? ఎత్తైనవాటిని వదిలేసి?

చంద్రభాగ
ఎత్తు ఒక్కటే చూస్తే అలాగే అనిపిస్తుంది. రోహ్‌తంగ్ ఉన్నది పీర్ పంజాల్ శ్రేణి మీద. తేమతో వచ్చే గాలికి అడ్డంగా నిలబడే గోడ అది. అందుకే వానాకాలంలో బురద, చలికాలంలో మనిషి ఎత్తును ఎన్నోసార్లు దాటే మంచు. అది దాటి లాహౌల్‌లోకి దిగితే కొండలు బోడిగా, పొడిగా ఉంటాయి. పైగా మీరంతా లేహ్ లేహ్ అంటున్నారు, మధ్యలో లాహౌల్ అని ఒక లోయ ఉంది, అందులో మనుషులు ఉన్నారు. కేలాంగ్ జిల్లా కేంద్రం అది. టన్నెల్ లేనప్పుడు నవంబర్‌లో రోహ్‌తంగ్ మూసుకుంటే మళ్లీ ఏప్రిల్, మే దాకా వాళ్లకు బయటి ప్రపంచం లేదు. హెలికాప్టర్‌లో సీటు దొరకాలి, వాతావరణం కలిసి రావాలి. లేదంటే కాలినడకన మంచులో కనుమ దాటాలి. అలా నడిచి వచ్చేవాళ్లను కాపాడటానికే అటు కోక్‌సర్‌లో, ఇటు మర్హీలో రెస్క్యూ పోస్టులు పెట్టేవాళ్లు. నెలలు నిండిన ఆడవాళ్లను, పెద్దవాళ్లను మంచు పడకముందే కుల్లూలో చుట్టాలింటికి పంపేసేవారు. వాళ్లకు ఇది 46 కిలోమీటర్ల లెక్క కాదు గోపి గారూ.

గతుకుల_గోపి
అది ఒప్పుకుంటాను. కానీ అప్పుడు లాహౌల్ కోసం అని చెప్పాలి, లేహ్ పేరు ఎందుకు వాడారు?

పాత_ఫౌజీ
లేహ్ పేరు ఊరికే వాడలేదు. నేను ఆర్మీ సప్లై కోర్‌లో చేశాను. 1999 కార్గిల్ అప్పుడు శ్రీనగర్-లేహ్ రోడ్డు మీద ద్రాస్ దగ్గర శత్రువు పైనుంచి చూస్తూ ఫిరంగులు పేల్చాడు. అప్పటిదాకా లద్దాఖ్‌కి వెళ్లే సరుకులో ఎక్కువ భాగం ఆ రోడ్డునే పోయేది. ఆ ఏడాదే అందరికీ అర్థమైంది, సరిహద్దుకి దూరంగా ఇంకో దారి బలంగా ఉండాలని. మనాలి దారి అదే. లద్దాఖ్‌లో చలికాలానికి కావాల్సిన కిరోసిన్, రేషన్, మందుగుండు అంతా వేసవిలోనే ఎక్కించి నిల్వ పెట్టుకోవాలి. రోడ్డు ముందు చివర ఒక నెల ఎక్కువ తెరిచి ఉన్నా మాకు ఎన్ని కాన్వాయ్‌లు ఎక్కువో మీరే లెక్క వేసుకోండి.

చంద్రభాగ
ఫౌజీ గారూ, మీతో సగం విభేదిస్తున్నాను. సొరంగం నిర్ణయం 2000 జూన్‌లో వచ్చిందంటే కార్గిల్ కారణం ఉంది నిజమే. కానీ లాహౌల్ వాళ్లు అంతకు చాలా ముందునుంచీ అడుగుతూనే ఉన్నారు. వాజ్‌పేయి పాత మిత్రుడొకాయన లాహౌల్ పల్లె నుంచి ఢిల్లీ వెళ్లి మరీ అడిగొచ్చిన సంగతి అక్కడ ఎవర్ని కదిపినా చెబుతారు. యుద్ధం రాకపోయుంటే ఆ అర్జీ ఏ ఫైల్లో ఉండేదో అది వేరే విషయం.

పాత_ఫౌజీ
ఆ చివరి వాక్యమే నేను చెప్పింది.

శాసనాల_శర్మ
ఈ దారి మిలిటరీ కన్నా, టూరిస్టుల కన్నా చాలా పాతది. ఎవరూ ఆ సంగతి ఎత్తలేదు కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తున్నా, ఓపిక లేనివాళ్లు దాటేయండి.

కుల్లూ నుంచి రోహ్‌తంగ్, లాహౌల్, బారాలాచా మీదుగా లేహ్‌కి, అక్కడినుంచి కారాకోరం దాటి ఇప్పటి చైనాలో ఉన్న యార్కండ్‌కి వ్యాపారులు నడిచిన బాట ఇది. విలియం మూర్‌క్రాఫ్ట్ అని ఈస్టిండియా కంపెనీ గుర్రాల డాక్టర్ ఒకాయన 1820లో ఇదే దారిన లేహ్ చేరాడు. మేలుజాతి గుర్రాల కోసం బుఖారా దాకా పోయాడు మహానుభావుడు. తర్వాత 1870లో బ్రిటిష్ వాళ్లకూ కాశ్మీర్ మహారాజు రణబీర్ సింగ్‌కూ ఒప్పందం కుదిరింది. లాహౌల్ సరిహద్దు నుంచి యార్కండ్ వైపు పోయే బాటను అందరికీ తెరిచి, దాన్ని చూసుకోవడానికి ఇరుపక్షాల నుంచి కమిషనర్లను పెట్టుకున్నారు. అంటే ఈ రోడ్డుకి బి.ఆర్.ఓ. (సరిహద్దు రోడ్ల సంస్థ) పుట్టకముందే ఒక నిర్వహణ కమిటీ ఉందన్నమాట.

దార్చా దాటాక పట్సియో అని వస్తుంది చూడండి, ఇప్పుడు అక్కడ మిలిటరీ క్యాంపు. ఒకప్పుడు ఏటా అక్కడ సంత జరిగేది. పైనుంచి ఉన్ని, ఉప్పు వచ్చేవి, కిందనుంచి ధాన్యం వచ్చేది. ఉప్పు మోసింది గుర్రాలే అనుకునేరు, చాలాభాగం గొర్రెలే. ఒక్కో గొర్రెకు రెండువైపులా చిన్న సంచులు కట్టి తోలుకొచ్చేవాళ్లు. గొర్రెకు దారిలో మేత దానికదే దొరుకుతుంది, గమ్యం చేరాక ఉన్నీ కత్తిరించుకోవచ్చు. లారీకి ఈ సౌకర్యం లేదు.

బుల్లెట్_బుజ్జి
శర్మ గారూ, ఆ గొర్రెల వారసులు ఇంకా ఉన్నాయండీ. కోక్‌సర్ దగ్గర నా బండి ముందు ఒక మంద, వెనక ఒక మంద. హారన్ కొట్టినా కదలవు. గద్దీ తెగ కాపరి నన్ను చూసి బీడీ ముట్టించాడు తప్ప కర్ర ఎత్తలేదు.

శాసనాల_శర్మ
వాళ్ల దారిలో మీరు అడ్డం వచ్చారు మరి. ఇంకో మాట మర్చిపోయా. కేలాంగ్‌లో 19వ శతాబ్దం మధ్యలో మొరావియన్ అనే క్రైస్తవ శాఖ వాళ్లు మిషన్ పెట్టారు. లాహౌల్‌లో బంగాళాదుంప సాగు మొదలైంది వాళ్ల చేతులమీదుగానే అంటారు. ఇవాళ అక్కడి విత్తన దుంపలకు దేశమంతా గిరాకీ. పంట ఉంది, రోడ్డు ఆరు నెలలే ఉంది అన్నది ఆ రైతు బాధ.

లోడ్‌లారీ_లక్ష్మణ్
రోహ్‌తంగ్ బురద గురించి ఎవరూ సరిగ్గా చెప్పలేదు. టన్నెల్ రాకముందు మా లారీ ఒకటి సామాన్లతో కేలాంగ్ పోయింది, నేనూ క్యాబిన్లో ఉన్నా. మర్హీ దాటాక వాన. ముందు లారీ చక్రం రాడ్ దాకా దిగబడిపోయింది. దాని వెనక ఆగిన బళ్లు వంపుల్లో కిందికి ఎక్కడిదాకా ఉన్నాయో కనపడలేదు. డ్రైవర్లు దిగి చేతికందిన రాళ్లన్నీ టైరు కింద వేశారు. ఆ రాళ్లు కూడా మునిగిపోయాయి. గ్రెఫ్ (బి.ఆర్.ఓ. ఇంజనీరింగ్ దళం) వాళ్ల డోజర్ వచ్చి ఇనుప తాడు కట్టి లాగేసరికి తెల్లారింది. ఆ రాత్రి హీటర్ కోసం ఇంజన్ ఆపకుండా తగలెట్టిన డీజిల్ లెక్క చెప్పాల్సింది మా నాన్నకి. ఇప్పుడు అదే చోటు పది, పదిహేను నిమిషాల్లో కొండ కిందినుంచి దాటేస్తున్నారు. ఎలుకను పట్టారో ఏనుగును పట్టారో గోపి అన్నే చెప్పాలి.

గతుకుల_గోపి
సరే, పందికొక్కు అనుకుందాం.

సివిల్_సీను
తవ్వకం గురించి కూడా కొంచెం చెప్పాలి. దీని పొడవు 9.02 కిలోమీటర్లు. దక్షిణ ద్వారం మనాలికి 25 కిలోమీటర్ల దూరంలో 3,060 మీటర్ల ఎత్తులో, ఉత్తర ద్వారం సిస్సూ దగ్గర 3,071 మీటర్ల ఎత్తులో. దక్షిణ ద్వారానికి పోయే రోడ్డుకి 2002 మేలో శంకుస్థాపన, అసలు సొరంగానికి 2010 జూన్‌లో. టన్నెల్ బోరింగ్ మిషన్ వాడలేదు. రంధ్రాలు వేయడం, పేల్చడం, రాయి ఎలా ప్రవర్తిస్తుందో చూసి దానికి తగ్గట్టు బోల్టులు, కాంక్రీటు పూత వేసుకుంటూ పోవడం. హిమాలయం ఇంకా పెరుగుతున్న కొండ, లోపల రాయి అడుగడుక్కీ మారిపోతుంది. అలాంటి చోట పెద్ద మిషన్ ఇరుక్కుంటే ముందుకీ పోదు, వెనక్కీ రాదు.

అసలు పరీక్ష సేరి నాలా. పైన పారే వాగు కింద పగిలిన రాయి పట్టీ ఒకటి ఉంది, 587 మీటర్లు. తవ్వుతుంటే రాయి బదులు బురద, నీళ్లు ఎదురొచ్చేవి. తవ్విన చోటు మళ్లీ మూసుకుపోయేది. మొత్తం తొమ్మిది కిలోమీటర్లలో ఆ అర కిలోమీటరే ఏళ్లు మింగేసింది. రెండు వైపుల తవ్వకాలు కలిసింది 2017 అక్టోబర్‌లో.

ఇందులో నాకు నవ్వొచ్చే సంగతి ఒకటుంది. ఉత్తరం వైపు పని చేయాలంటే మనుషులు, మిషన్లు, సిమెంట్ రోహ్‌తంగ్ దాటి వెళ్లాలి. చలికాలంలో రోహ్‌తంగ్ బంద్. అందుకని అటువైపు పని వేసవిలోనే. ఎక్కువ భాగం దక్షిణం నుంచే తవ్వుకుంటూ పోవాల్సి వచ్చింది.

నీలి_గుడారం
లోపల ఒక విషయం చాలామంది గమనించరు. మీరు నడిపే రోడ్డు కిందే ఇంకో చిన్న సొరంగం ఉంది, అగ్నిప్రమాదం జరిగితే తప్పించుకోవడానికి. ప్రతి 500 మీటర్లకు కిందికి దిగే ద్వారం, 150 మీటర్లకొక ఫోన్. మన జనం మాత్రం లోపల బండి ఆపి సెల్ఫీలు. తెరిచిన మూడు రోజుల్లోనే మూడు ప్రమాదాలని వార్త వచ్చింది.

బుల్లెట్_బుజ్జి
ఎవరేమన్నా నా ఓటు పాత రోహ్‌తంగ్‌కే. గులాబా నుంచి మర్హీ దాకా ఎక్కుతుంటే చెట్లు పోయి గడ్డి, గడ్డి పోయి మంచు. పైనుంచి ఒక్కసారిగా అవతలి లోయ కనపడేది. ఇప్పుడు ట్యూబ్‌లైట్లు చూసుకుంటూ పోవడమే.

లోడ్‌లారీ_లక్ష్మణ్
బుజ్జి బ్రదర్, ఖాళీ చేతుల్తో పోయేవాళ్లకి అన్నీ అందంగానే ఉంటాయి.

నీలి_గుడారం
రోహ్‌తంగ్ రోడ్డు ఎక్కడికీ పోలేదు కదా, పర్మిట్ తీసుకుని వెళ్లొచ్చు. డీజిల్ పొగ మసి మంచు మీద పేరుకుంటోందని గ్రీన్ ట్రిబ్యునల్ కలగజేసుకుని రోజుకి 1,200 టూరిస్టు వాహనాలని కట్టడి పెట్టింది, అందులో పెట్రోల్‌వి 800, డీజిల్‌వి 400. కాకపోతే ఆ రద్దీ ఇప్పుడు సిస్సూకి మారింది. అక్కడ చలికాలంలో నిశ్శబ్దంగా పూజలు, పండుగలు చేసుకునే ఊళ్లు అవి. ఇప్పుడు పొలం గట్ల మీద చిప్స్ ప్యాకెట్లు. చంద్రభాగ గారు చెప్పిన లాభం నిజమే, ఈ నష్టం కూడా వాళ్లదే.

చంద్రభాగ
అవును, అక్కడి ఆడవాళ్లే ముందు గొంతెత్తారు. అయినా సొరంగం మూసేయమని ఒక్కరూ అనలేదు. చెత్త తీసుకుపోండి అన్నారు, అంతే.

తెలుగు_తటస్థుడు
శంకుస్థాపన ఫలకం గొడవ ఎవరూ ఎత్తలేదేం? 2010లో సోనియా గాంధీ వేసిన రాయి 2020 ప్రారంభోత్సవం నాటికి కనపడట్లేదని కాంగ్రెస్ వాళ్లు...

వేదిక_కాపలా
తటస్థుడు గారూ, రాజకీయాలకు వేరే విభాగం ఉంది. ఇక్కడ రోడ్డు వరకే.

బుల్లెట్_బుజ్జి
తటస్థుడు గారు తటస్థంగా ఉండటం నేనైతే ఇప్పటిదాకా చూళ్లేదు.

డాక్టర్_డిక్కీ
గోపి గారూ, డిసెంబర్ ప్లాన్ ఎలాగూ పోయింది కాబట్టి వేసవికి చెబుతున్నా. ఈ రోడ్డులో ప్రమాదం లోయ కన్నా ఎత్తుతోనే ఎక్కువ. మనాలి 2,050 మీటర్లు, కేలాంగ్ 3,080, సర్చూ 4,200 పైన. సగం దారి అని చాలామంది రెండో రాత్రి సర్చూ గుడారాల్లో పడుకుంటారు. అర్ధరాత్రికి తల పగిలిపోతుంది, వాంతులు, ఆయాసం. పొద్దున్నే లేచి వెళ్లిపోదామంటే ముందుకు పోయినా వెనక్కి పోయినా ఇంకా ఎత్తైన కనుమ ఎక్కాలి. కిందికి దిగే దారి లేని చోట పడుకోవడం అది. టన్నెల్ వల్ల ఇది ఇంకా పెరిగింది, ఎందుకంటే గంటన్నర, రెండు గంటల్లో కేలాంగ్ వచ్చేస్తోంది కదా, ఇంకా టైముంది పోదాం అంటారు. జిస్పాలోనో కేలాంగ్‌లోనో రెండు రాత్రులు ఆగండి. ఎత్తు జబ్బుకి వాడే డయామాక్స్ లాంటి మాత్రలు మీ డాక్టర్ని అడిగే వాడండి. కుదిరితే శ్రీనగర్ వైపు నుంచి వెళ్లి మనాలికి దిగండి, అప్పటికి ఒళ్లు అలవాటు పడి ఉంటుంది.

బుల్లెట్_బుజ్జి
డాక్టర్ గారి మాటకి సాక్షిని నేనే. సర్చూలో మా గ్రూపులో అందరికన్నా కండలున్నవాడే ముందు పడిపోయాడు. రోజూ జిమ్‌కి వెళ్లేవాడు. సిగరెట్లు కాల్చే మా బావ మాత్రం హాయిగా గురక పెట్టాడు. దీనికి లాజిక్ ఉందా?

డాక్టర్_డిక్కీ
ఫిట్‌నెస్‌కీ దీనికీ సంబంధం తక్కువ. ఎంత వేగంగా ఎక్కారన్నదే ముఖ్యం. మీ బావని మాత్రం ఆదర్శంగా తీసుకోవద్దు.

లోడ్‌లారీ_లక్ష్మణ్
డీజిల్, పెట్రోల్ టాండీలో నింపుకోండి. తర్వాతి బంకు 365 కిలోమీటర్లు అని అక్కడ బోర్డు ఉంటుంది, అందరూ దాని ముందు ఫొటో దిగి, నింపుకోవడం మర్చిపోయేవాళ్లనీ చూశా. రెండోది, వాగులు. జింగ్‌జింగ్‌బార్ వైపు వాగులు పొద్దున్న పిల్లకాలువలు, మధ్యాహ్నానికి ఎండకి మంచు కరిగి రాళ్లు దొర్లించుకుంటూ వస్తాయి. తెల్లారేసరికే దాటేయాలి. నీళ్లు మురికిగా ఉంటే అడుగు కనపడదు, ముందు లారీని పోనిచ్చి దాని చక్రాలు ఎక్కడ మునిగాయో చూసి అదే జాడలో పోండి.

మంచుకొండ_మాధవి
సర్చూ దాటాక బ్రాందీ నాలా, విస్కీ నాలా అని వస్తాయి. బోర్డు చూసి మా ఆయన బండి ఆపేశారు. నీళ్లే పారుతున్నాయని నిరాశపడ్డారు పాపం. ఆ దారిలోనే గాటా లూప్స్, 21 మలుపులు. ఆ మలుపుల్లో ఒకచోట వాటర్ బాటిళ్ల గుట్ట ఉంటుంది. చెడిపోయిన లారీకి కాపలాగా ఉండి మంచులో చనిపోయిన క్లీనర్ దయ్యమై నీళ్లు అడుగుతాడని కథ. డ్రైవర్లు బాటిల్, సిగరెట్ పెట్టి పోతారు. మేమూ పెట్టాం. నమ్మి కాదు, మిగతా రోడ్డు చూశాక రిస్క్ ఎందుకని.

పాత_ఫౌజీ
దయ్యం సంగతి ఏమో గానీ ఆ రోడ్డు వేసినవాళ్లను తలుచుకోండి. రోడ్డు పక్కన ముఖానికి గుడ్డ కట్టుకుని రాళ్లు కొట్టేవాళ్లు ఎక్కువగా జార్ఖండ్, బీహార్ నుంచి వచ్చినవాళ్లు. మనాలి వైపు దీపక్, లేహ్ వైపు హిమాంక్ ప్రాజెక్టుల కింద పని. మనకి గంట నిలబడితే ఆయాసం వచ్చే చోట వాళ్లు తారు మరిగిస్తారు.

గతుకుల_గోపి
సరే, మనాలి దారి చలికాలంలో మూసే ఉంటుందని అర్థమైంది. కానీ శ్రీనగర్ రోడ్డు మాత్రం తొందరగా తెరుస్తున్నారట, ఎలా?

సివిల్_సీను
అక్కడ అడ్డం జోజి లా ఒక్కటే, 3,528 మీటర్లు. తర్వాత వచ్చే ఫోటూ లా దానికన్నా ఎత్తే, కానీ అక్కడ మంచు తక్కువ. అందుకని బలగమంతా ఒక్కచోట పెట్టి తవ్వేస్తారు. 2025లో జోజి లా మూతపడింది 32 రోజులే. దాని కింద 13 కిలోమీటర్ల పైచిలుకు సొరంగం పని జరుగుతోంది. మనాలి వైపు 2023లో మార్చి చివరికల్లా తెరిచారు, అదే గొప్ప అన్నారు. నాలుగు కనుమలు శుభ్రం చేయడానికీ ఒకటి చేయడానికీ తేడా అది.

పాత_ఫౌజీ
అందుకే మూడో దారి. దార్చా దగ్గర ఎడమకి తిరిగి షింకు లా దాటి, జంస్కార్ లోయలో పదుమ్ మీదుగా నిమ్ము దగ్గర లేహ్ రోడ్డులో కలుస్తుంది. 298 కిలోమీటర్లు, మధ్యలో కనుమ ఒక్కటే. 2024 మార్చిలో రెండు కొసలూ కలిపారు. షింకు లా కింద 4.1 కిలోమీటర్ల సొరంగానికి అదే ఏడాది జులై 26న మొదటి పేలుడు. దాదాపు 15,800 అడుగుల ఎత్తులో వస్తోంది. అది పూర్తయితే మీరు అడిగిన చలికాలపు రోడ్డు మనాలి నుంచి వస్తుంది.

చంద్రభాగ
ఒకటి కలుపుతాను ఫౌజీ గారూ. జంస్కార్ వాళ్లకు చలికాలంలో దారి అంటే గడ్డకట్టిన నది మీద నడక. దానికి టూరిస్టులు డబ్బులిచ్చి ట్రెక్ అంటారు.

నీలి_గుడారం
షింకు లా సొరంగం వచ్చినా మంచు చరియల బెడద పోదు. సోలాంగ్ నుంచి అటల్ టన్నెల్ ద్వారం దాకా ఉన్న ముక్కే చూడండి. 2024 డిసెంబర్‌లో మంచు పడి అక్కడే దాదాపు వెయ్యి బళ్లు ఆగిపోయాయి. సొరంగం లోపల వెచ్చగానే ఉంది, సమస్య సొరంగం దాకా చేరడమే. ఆ విషయంలో గోపి గారి కోపంలో న్యాయం ఉంది.

గతుకుల_గోపి
హమ్మయ్య, ఒక్కరైనా దొరికారు. అయితే సెప్టెంబర్‌లో పెట్టుకుంటా. శ్రీనగర్ నుంచి ఎక్కి మనాలికి దిగడం, సర్చూలో పడుకోకపోవడం. లేహ్ నుంచి వచ్చేటప్పుడు రాత్రి ఎక్కడ ఆగాలి?

లోడ్‌లారీ_లక్ష్మణ్
లేహ్ నుంచి చీకటితో బయల్దేరితే సాయంత్రానికి జిస్పా. కుదరకపోతే పాంగ్‌లో గుడారాలున్నాయి గానీ అదీ 4,600 మీటర్లు, డాక్టర్ గారు ఒప్పుకోరు. సెప్టెంబర్ అయితే వాగుల్లో నీళ్లు కూడా తగ్గుతాయి.

డాక్టర్_డిక్కీ
లేహ్‌లో కనీసం మూడు నాలుగు రోజులు ఉండి వస్తే పాంగ్‌లో ఒక రాత్రికి అభ్యంతరం చెప్పను. తలనొప్పి మొదలైతే మాత్రం రాత్రి అని చూడకుండా కిందికి దిగిపోవాలి.

మంచుకొండ_మాధవి
షింకు లా రోడ్డున పోతే గాటా లూప్స్ తగలవు కదా ఫౌజీ గారూ? రేపు అందరూ అటే పోతే ఆ క్లీనర్‌కి నీళ్లెవరు పెడతారు?

లోడ్‌లారీ_లక్ష్మణ్
పాంగ్, సర్చూలకు సరుకు తెచ్చే లారీలు ఆ దారినే పోవాలి మేడం. మా వాళ్లు పెడతారు.